ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఈమధ్య మీ జిల్లా పేజీల్లో చూడదగ్గ ప్రదేశాల గురించి వచ్చిన కథనం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. ఉదయగిరి కొండ, భైరవకోన, మైపాడు తీరం, మాలకొండ, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వేశారు. పొద్దున్నే కారులో బయల్దేరితే రాత్రికల్లా నాలుగైదు చోట్లు చూసుకుని ఇల్లు చేరొచ్చని రాశారు. ఆ మాట దగ్గరే నాకు అభ్యంతరం. అలా చూస్తే చూసినట్టు కాదు. పైగా కారు లేనివాళ్ళకి ఆ కథనంలో చోటే లేదు. బస్సులో పోయేవాళ్ళు ఎక్కడ దిగాలి, తిరిగి ఎన్నింటికి బయల్దేరాలి అన్నది ఒక్క వాక్యం కూడా కనపడలేదు. మాలకొండలో మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఆ సంగతి కూడా రాయలేదు. అది చదివి ఏ మంగళవారమో పిల్లల్ని వెంటేసుకుని పోయినవాళ్ళు మూసిన తలుపులకి దణ్ణం పెట్టుకుని రావాల్సిందే కదండీ.

నేను కావలిలో ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుట్టుకుంటూ బతికినదాన్ని. పెళ్ళిళ్ళ సీజనులో మిషను మీద నుంచి లేవడానికి ఉండదు. ఆషాఢం వస్తే చేతిలో పని తగ్గుతుంది. నా స్నేహితురాలు మా వీధిలోనే ఉంటుంది, ఏఎన్‌ఎంగా చేసి రిటైరైంది. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ టీకాల పెట్టె భుజాన వేసుకుని మెట్ట మండలాల్లో ఊరూరా నడిచిన మనిషి ఆమె. ఉదయగిరి వైపు ఏ ఊళ్ళో ఏ ఇంట్లో మంచినీళ్ళు అడగొచ్చో ఆమెకి తెలుసు. కానీ ఆ కొండ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదట. డ్యూటీ మీద పోయినవాళ్ళకి కొండ చూసే తీరిక ఎక్కడుంటుంది? నా సంగతి సరేసరి. అత్తగారి ఊరు, పుట్టినిల్లు, తిరుపతి, ఏడాదికోసారి పెళ్ళిళ్ళు. అంతే నేను చూసిన లోకం.

2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం మొదలయ్యాక మా ఇద్దరికీ ధైర్యం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. డబ్బు మిగలడం ఒక్కటే కాదు ఇందులో సంగతి. యాభై రూపాయలైనా సరే, ఊరికే ఒక ఊరు చూసి రావడానికి అడగాలంటే ఆడవాళ్ళకి నోరు రాదు. ఆస్పత్రికని అడుగుతాం, పెళ్ళికని అడుగుతాం. కొండ చూడ్డానికని ఏ ఇంట్లో అడుగుతాం? ఇప్పుడు ఆ అడగాల్సిన పని పోయింది. బస్సుల్లో ఆడవాళ్ళు పనీపాటా లేకుండా తిరుగుతున్నారని కొందరు అంటుంటే విన్నాను. అవును, తిరుగుతున్నాం. మేం పుట్టి పెరిగిన జిల్లాని మేం చూసుకుంటే అందులో తప్పేముంది?

ఇంతకు ముందు మా అబ్బాయి ఒకసారి కారు మాట్లాడి మమ్మల్నిద్దర్నీ పెంచలకోన పంపాడు. వెలిగొండల అడుగున చల్లటి చోటు. నరసింహస్వామి దర్శనం అయ్యాక అక్కడే కాసేపు కూర్చుని, కోన లోపల జలపాతం దాకా మెల్లగా పోదామనుకున్నాం. డ్రైవరు రెండుసార్లు వచ్చి అడిగాడు, ఇంకెంతసేపమ్మా అని. అతన్ని అనడానికి లేదు, అతని బతుకుతెరువు అది. మేమే లేచి వచ్చేశాం. బస్సులో పోతే ఆ బాధ లేదు. మన కోసం ఎవరూ కాచుకుని ఉండరు. నీడ ఉన్నంతసేపు కూర్చోవచ్చు.

ఉదయగిరి గురించి వివరంగా రాయాలి. కావలి నుంచి కలిగిరి, వింజమూరు మీదుగా పోతుంటే చాలా ముందు నుంచే కొండ కనిపించడం మొదలవుతుంది. దగ్గరికి పోయేకొద్దీ ఆకాశం సగం అదే అవుతుంది. ఎత్తు 3 వేల అడుగుల పైమాటే. పై దాకా ఎక్కాలని మేం పట్టుబట్టలేదు. మోకాళ్ళు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు పోయి, ఒక పాత గోడ నీడలో కూర్చున్నాం. కిందికి చూస్తే ఊరంతా కనపడుతోంది, గుళ్ళు, మసీదులు, పెంకుటిళ్ళు, మధ్యలో కొత్తగా లేచిన మేడలు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఈ కోటని ముట్టడించాడు. ఒడిశా గజపతి రాజుల చేతుల్లోంచి కోట ఆయన చేతికి వచ్చేసరికి 1514 అయింది, సుమారు ఏడాదిన్నర పట్టింది. ఆ సంగతి నేను చదివి చెబితే వదిన నవ్వి, “రాయలవారికే ఏడాదిన్నర పట్టిందంట వదినా, మనకి గంటలో అయిపోవాలంటే ఎట్టా?” అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. మీ కథనంలో ఉదయగిరికి ఇచ్చింది గంటే మరి.

ఇక్కడి గుళ్ళో ఉన్న బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకుపోయి, అక్కడ ఆ స్వామికి గుడి కట్టించాడు. హంపి పోయిన ప్రతివాళ్ళూ ఆ కృష్ణాలయం చూస్తారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ స్వామి బయల్దేరిన చోటు మాత్రం మన జిల్లాలోనే ఉంది. ఉదయగిరిలో పాడుబడిన ఆ రాళ్ళ మధ్య నిలబడి, ఇక్కడి నుంచి పోయిన పసివాడు ఎక్కడెక్కడ తిరిగాడో తలుచుకుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మన పిల్లలకి ఈ సంగతి బడిలో చెప్పాలి. ఉదయగిరి పిల్లలకైతే తప్పకుండా చెప్పాలి.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఊళ్ళోకి దిగాం. ఉదయగిరి చెక్క చెంచాలకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు, ఉంది. పేరు వినడమే గానీ తయారయ్యేటప్పుడు నేనెప్పుడూ చూడలేదు. ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ పని చేసుకుంటుంటే అడిగి పక్కన కూర్చున్నాం. చేతిలో నర్ది చెక్క ముక్క. అప్పటికే ఫోర్కు ఆకారానికి వచ్చి ఉంది, పళ్ళు మాత్రం ఇంకా విడలేదు. కాలి బొటనవేలికి, రెండో వేలికి మధ్య కాడని బిగించి పట్టుకుని, సన్నటి రంపంతో మొదటి గాటు పెట్టింది. గీత గీసుకోలేదు, కొలవలేదు. రెండో గాటు, మూడో గాటు, మధ్య ఎడం అంతా సమానం. తర్వాత ఆకురాయి తీసుకుని పంటికీ పంటికీ మధ్య రాసింది. రెండుసార్లు రాసి వేలితో తడిమి చూసుకోవడం, మళ్ళీ రాయడం. ఎక్కడ గరుకు ఉందో వేలికే తెలుస్తుంది, కంటికి కాదు. నేను జాకెట్టు మెడ తిప్పేటప్పుడు కూడా అంతే, టేపు పక్కన పెట్టేస్తాను, గుడ్డ ఎటు లాగుతోందో వేలే చెబుతుంది. ఆ మాట ఆమెతో అంటే తల ఎత్తి నా చేతులు చూసింది. ఆ తర్వాత మేం ముగ్గురం చాలాసేపు మాట్లాడుకున్నాం. చెక్క ఎక్కడి నుంచి వస్తుంది, పచ్చి చెక్క అయితే ఎలా పగులుతుంది, పెద్ద ఊళ్ళ ఎగ్జిబిషన్లలో ఎంతకి పోతుంది, చేతికి ఎంత వస్తుంది. చీకటి పడేవేళకి ఆ ఫోర్కు నున్నగా తయారైంది. దాన్నే కొనుక్కున్నాను. గంటలో ఊరు చూసిపోయేవాళ్ళకి కొట్లో కట్టలు కట్టిన చెంచాలు కనపడతాయి. ఆ అరుగు కనపడదు.

రాత్రి పడుకోవడం ఎక్కడ అన్నది పెద్ద ప్రశ్న. దీని గురించి కొంచెం గట్టిగానే రాస్తున్నాను. ఒక ఊళ్ళో, పేరు ఎందుకులెండి, లాడ్జికి పోయి గది అడిగితే కౌంటరు దగ్గర ఉన్న అబ్బాయి మా వెనక ఎవరన్నా వస్తున్నారేమోనని చూశాడు. “మగవాళ్ళెవరూ రాలేదా మా?” అన్నాడు. రాలేదంటే గదులు ఖాళీ లేవన్నాడు. వెనక గోడకి తాళం చెవులు వరసగా వేలాడుతూనే ఉన్నాయి. మా ఇద్దరి ఆధార్ కార్డులు బల్ల మీదే ఉన్నాయి. వాటిలో మా వయసు ఉంది, మా ఊరు ఉంది. ఇంకేం కావాలి ఇద్దరు పెద్ద మనుషులకి గది ఇవ్వడానికి?

ఉదయగిరి వైపు పోయినప్పుడు మాకు ఆ ఇబ్బంది రాలేదు. వదిన ఉద్యోగంలో ఉన్నప్పుడు పురుడు పోసిన ఒక ఇంటివాళ్ళు బలవంతాన తీసుకుపోయి, చేపల పులుసుతో అన్నం పెట్టి, పక్కలు వేశారు. ఆ పుట్టిన పిల్లవాడే ఇప్పుడు ఆటో తోలుతున్నాడు. పొద్దున్నే మమ్మల్ని సీతారాంపురం బస్సు దగ్గర దించి, డబ్బులిస్తే పుచ్చుకోలేదు. అయితే అందరికీ మా వదిన లాంటి స్నేహితురాలు ఉండదు కదా. డ్వాక్రా సంఘాల్లో ఎంతమంది ఇళ్ళల్లో ఒక గది ఖాళీగా ఉంటుంది. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు పోయిన ఇళ్ళు అవి. అలాంటి ఇంట్లో ఒక రాత్రికి ఇద్దరు ఆడవాళ్ళకి చోటిచ్చి, రెండు పూటలా భోజనం పెట్టి, న్యాయమైన డబ్బు తీసుకుంటే ఆ ఇల్లాలికీ నాలుగు రూపాయలు మిగులుతాయి, మాకూ భయం ఉండదు. మహిళా సంఘాల అధికారులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భైరవకోన నల్లమల కొండల్లో ఉంది. ఒకే కొండని తొలిచి చేసిన 8 శివాలయాలు. పల్లవుల నాటి పనితనమని చెబుతారు. క్షేత్రపాలకుడు కాలభైరవుడు కాబట్టి కోనకి ఆ పేరు. మేం పోయింది మామూలు రోజు. జీపుల్లో, కార్లలో వచ్చినవాళ్ళు గబగబా జలపాతం దగ్గరికి పోయి తడిసి, ఫొటోలు దిగి, దణ్ణాలు పెట్టుకుని వెళ్ళిపోయారు. మేం తెచ్చుకున్న పులిహోర తిని, వాగు పక్కన రాతి మీద చీర కొంగు పరుచుకుని కాసేపు నడుం వాల్చాం. లేచి మళ్ళీ మొదటి గుహ దగ్గరికి పోతే అది ఇంకోలా ఉంది. పొద్దున చీకటిగా ఒకటే నలుపుగా కనపడ్డ చోట ఇప్పుడు ఉలి గాట్లు కనపడుతున్నాయి. స్తంభాల అడుగున కూర్చున్న సింహాలు చెక్కి ఉన్నాయి. పొద్దున వాటి పక్క నుంచే నడిచాం, చూడనే లేదు. వదిన ఒక్కో గుహ ముందూ ఆగి ద్వారపాలకులు నిలబడే తీరు, చేతుల్లో ఏమున్నాయి అన్నీ పోల్చి చూసుకుంటూ పోయింది. ఏ గుహకి ఆ గుహ వేరు. ఒకే చెయ్యి చేసిన పని కాదని, ఒక్క రోజులో తెమిలిన పని అసలే కాదని అప్పుడు తెలిసింది. రాయిని అతికించడానికి ఉండదు కదా. గుడ్డ పొరపాటున కత్తిరిస్తే అతుకు వేసి సర్దుకుంటాం. అక్కడ ఉలి ఒక్కసారి జారితే అంతే. అయినా ఆ సింహాల జూలు వెంట్రుకలు ఎంత నిదానంగా దిగాయో చూడాలి.

సాయంత్రం జనం పల్చబడ్డాక నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ ఒక్క పూట కోసం మళ్ళీ పోవచ్చు. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల వచ్చి దుర్గాంబ మీద పడుతుందని భక్తులు వేలల్లో వస్తారు. అది నేను ఇంకా చూడలేదు, చూడాలని ఉంది.

సముద్రం సంగతికి వస్తే మాకు తుమ్మలపెంట దగ్గర. దారిలో బకింగ్‌హాం కాలువ తగులుతుంది. ఒకప్పుడు దీని మీద పడవల్లో ఉప్పు, ధాన్యం, కట్టెలు మద్రాసుకి పోయేవి. ఇప్పుడు చాలా చోట్ల పూడిపోయి తుంగ మొలిచింది. మద్రాసు గవర్నరు పేరు పెట్టుకున్న కాలువని ఇంత నిర్లక్ష్యంగా వదిలేయడం చూస్తే బాధగా ఉంటుంది. తీరానికి తెల్లవారుజామున పోతే అలివి వల లాగడం చూడొచ్చు. పడవ మీద పోయి నీళ్ళలో అర్ధచంద్రంగా వల వదిలి వస్తారు. దాని రెండు తాళ్ళూ ఒడ్డున రెండు గుంపుల చేతుల్లో ఉంటాయి. పాట పాడుకుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒక్కో అడుగే లాగుతారు. గుంపులు రెండూ మెల్లమెల్లగా దగ్గరికి వస్తాయి. వల సంచి ఒడ్డు చేరేసరికి ఎండ ఎక్కుతుంది. నెత్తళ్ళు, కవళ్ళు ఇసకలో మిలమిలలాడుతూ పడగానే గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు చుట్టూ మూగుతారు. బేరం మొదలవుతుంది. కొన్నిసార్లు అంతసేపు లాగినా గంపెడు చేపలు కూడా పడవు. ఆ రోజు ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మైపాడులో ఐస్‌క్రీం బండ్లు, గుర్రాలు, సెలవురోజు సందడి ఉంటాయి, పిల్లలున్నవాళ్ళకి అదే బాగుంటుంది. మా ఇద్దరికీ మాత్రం తుమ్మలపెంట వల చాలు.

నెల్లూరులో రంగనాథస్వామి గుడి వెనక పెన్న ఒడ్డున ఒక పూట కూర్చోండి. కవిబ్రహ్మ తిక్కన సోమయాజి ఈ ఊళ్ళో, మనుమసిద్ధి కొలువులో ఉండి విరాటపర్వం మొదలు 15 పర్వాల భారతం తెలుగు చేశాడు. మనం చిన్నప్పుడు బడిలో కంఠతా పట్టిన పద్యాలు ఈ గాలిలోనే పుట్టాయన్నమాట. దర్శనం చేసుకుని, కారందోసె తిని, సాయంత్రం మళ్ళీ నది దగ్గరికే పోయాం. నీళ్ళున్నప్పుడు పెన్న ఒక అందం, ఇసక తేలినప్పుడు ఇంకో అందం.

కంభం చెరువుది వేరే లోకం. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేసి విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు, వరదరాజమ్మ కట్టించిందని అక్కడివాళ్ళు ఇప్పటికీ ఆ తల్లి పేరు చెబుతారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఒక ఆడమనిషి పేరు చెప్పుకుని ఇన్ని వందల ఏళ్ళుగా పొలాలు పండుతున్నాయంటే ఆ కట్ట మీద నడుస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. దొనకొండ దగ్గర చందవరం బౌద్ధ స్తూపం మేం ఇంకా చూడాల్సి ఉంది. త్రిపురాంతకం కూడా. జిల్లాల సరిహద్దులు ఎన్నిసార్లు మార్చి గీసినా మాకు ఇవన్నీ మన ఊళ్ళే.

ఇప్పుడు అసలు విషయం. ఈ తీరికంతా ఒక్క సంగతితో పాడవుతుంది. తిరుగు బస్సు ఎన్నింటికో తెలియకపోవడం. ఒక కొండ ఊళ్ళో టీకొట్టు ఆయన నాలుగున్నరకి ఆఖరిదన్నాడు. పక్కన బీడీ కాలుస్తున్న పెద్దాయన, కాదు, ఆరింటికి ఇంకొకటుంది అన్నాడు. అది పోయిన నెలే తీసేశారని ఇంకో అబ్బాయి. అక్కడి నుంచి మా కళ్ళు గుడి మీద లేవు, రోడ్డు మీదే. వచ్చిన ప్రతి హారనుకీ లేచి నిలబడడం, బ్యాగు సర్దుకోవడం. ఎంత టెన్షనో చెప్పలేను. మగవాళ్ళయితే ఏ లారీనో, బండినో ఆపి ఎక్కుతారు. చీకటి పడ్డాక మేం ఏం చేయాలి? చివరికి బస్సు వచ్చింది. కండక్టరు, “ఇద్దరే వచ్చుండారా మా? ఇంకొంచెంసేపయితే ఇబ్బంది పడుండేవాళ్ళు” అని ముందు సీటు ఇప్పించాడు. మంచివాడు. కానీ ఆ టైము ఊళ్ళో ఒక గోడ మీద రాసి ఉంటే మేం ఇంకో రెండు గంటలు హాయిగా గుళ్ళో కూర్చునేవాళ్ళం.

రెండోది చెప్పడానికి సిగ్గుపడాల్సిన పని లేదు, చెప్పకపోతేనే నష్టం. మరుగుదొడ్డి. ఒకచోట కట్టించారు, రంగులేశారు, తాళం వేశారు. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అందుకే మా ఈడు ఆడవాళ్ళు బయటికి పోతే నీళ్ళు తాగడం మానేస్తారు. వదిన నర్సమ్మ కాబట్టి ఊరుకోదు, ఎండలో నీళ్ళు తాగకపోతే ఏమవుతుందో బస్సులో పక్కసీటు వాళ్ళకి కూడా చెబుతుంది. వాళ్ళంతా అదే మాట అంటారు, తాగితే ఎక్కడికి పోవాలమ్మా అని. ఆ ప్రశ్నకి ఆమె దగ్గర కూడా జవాబు లేదు.

చేయలేనిదైతే నేను అడగను. నెల్లూరు రొట్టెల పండగ చూడండి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆడవాళ్ళు రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. హిందువులు, ముస్లిములు అన్న తేడా లేదు. కోరిక తీరినవాళ్ళు పంచుతారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వస్తారు. వాళ్ళకి మంచినీళ్ళు, తాత్కాలిక మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, ప్రత్యేక బస్సులు, అన్నీ అధికారులు ఏర్పాటు చేస్తారు. అంతమందికి చేయగలిగినవాళ్ళకి మామూలు రోజున పదిమంది వచ్చే కొండ దగ్గర ఒక తలుపు తీసి ఉంచడం కష్టమా?

పర్యాటకం అంటే కొత్త రిసార్టులు, బోట్లు, గాజు వంతెనలు అని మీ పేజీల్లోనే చదువుతుంటాను. రానీయండి, మంచిదే. అవి వచ్చేలోపు పంచాయతీవాళ్ళు చేయగలిగినవి ఉన్నాయి. బస్సు ఆగే చోట గోడకి సున్నం కొట్టి, పొద్దున మొదటి బస్సు, సాయంత్రం ఆఖరి బస్సు టైములు పెద్ద అక్షరాలతో రాయించండి. మారినప్పుడల్లా దిద్దించండి. చెట్టు ఉన్నచోట దాని కింద ఒక సిమెంటు బల్ల వేయించండి. మరుగుదొడ్డి తాళం చెవి పక్క కొట్లో ఉంచి, ఆ సంగతి తలుపు మీద రాయించండి. వీటికి పెద్ద బడ్జెట్లు అక్కర్లేదు.

ఇక మీ వంతు. మీ విలేకరులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఇకమీదట ఏ ప్రదేశం గురించి రాసినా దాని కింద నాలుగు సంగతులు వేయండి. ఏ ఊరి నుంచి బస్సు ఎక్కాలి, గుడి అయితే ఏ రోజుల్లో, ఏ వేళల్లో తెరుస్తారు, తాగడానికి నీళ్ళు ఉన్నాయా, తిరిగి వచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికి. ఫొటో కొంచెం చిన్నదైనా ఫరవాలేదు. ఆ నాలుగు లైన్లు చూసుకుని ఎంతమంది ఆడవాళ్ళు గడప దాటి బయటికి వస్తారో మీరే చూస్తారు.

మా వదినకి ఉద్యోగం నాటి అలవాటు ఇంకా పోలేదు, ఎక్కిన ప్రతి బస్సు టైము, దిగిన చోటు, ఎక్కడ నీళ్ళు దొరికాయి, ఎక్కడ దొరకలేదు అన్నీ డైరీలో రాసి పెట్టింది. ఉదయగిరి, సీతారాంపురం, భైరవకోన దారి వివరాలు అందులోంచి ఎత్తి రాసి ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను. టైములు మారి ఉండొచ్చు, డిపోలో ఒకసారి సరిచూసుకుని వేయండి. కార్తీక మాసం రాకముందే వేస్తే భైరవకోన పోయేవాళ్ళకి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా.